తడి రాయి, పాత సిగ్నల్

వికారాబాద్ జంక్షన్‌లో ప్లాట్‌ఫాం బెంచీకి ఒక చివర మహిధర్ కూర్చుని ఉన్నాడు. సీతాఫలాల సంచితో ఒకావిడ వచ్చి రెండో చివర కూర్చుంది. అతని వైపు చూడకుండానే అడిగింది.

"పప్పు ఉడికిందా?"

"నీళ్ళు తక్కువైనయ్," అన్నాడు మహిధర్.

కోడ్ సరిపోయింది. వచ్చింది రచన. నిఘా శాఖ రహస్య సెక్షన్‌లో టెక్నికల్ ఆఫీసర్. ఎప్పుడూ ఫోన్‌లో వినిపించడమే తప్ప హైదరాబాద్ ఆఫీసు గడప దాటని మనిషి. ఆవిడే రైలెక్కి వచ్చిందంటే కొంప మునుగుతోందని మహిధర్‌కు అర్థమైంది. అతను సెక్షన్‌లో ఏజెంట్ టి-నైన్. ఏజెంట్ అనగానే నల్లకోటు, విదేశీ కారు ఊహించుకోకండి. అతని కోటు అద్దెది, కారు ఆర్టీసీ వాళ్ళది.

"సాయంత్రం ఆరింటికి భవ్యశ్రీ దొరికిపోతది సార్," అంది రచన. "దొరికితే బతకనియ్యరు."

భవ్యశ్రీ తాండూరులో విక్టర్ అనే విదేశీయుడి దగ్గర సెక్రటరీ. విక్టర్ పైకి బండలు కొని ఓడలకెక్కించే వ్యాపారి. అసలు పని వేరు. వికారాబాద్ కొండల్లో మన రక్షణ శాఖ ప్రయోగ కేంద్రం ఒకటుంది. దాని సిగ్నళ్ళను దొంగచాటుగా రికార్డు చేసి తన దేశానికి పంపే ముఠాకు ఇక్కడ అతనే పెద్ద. భవ్యశ్రీని మన మీదికి గూఢచారిగా వదిలానని విక్టర్ నమ్మకం. అతని మీదికి ఆమెను వదిలింది మేమేనని సెక్షన్ నమ్మకం. ఆమె మాత్రం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఎర్ర స్కూటీ మీద, ఇద్దరినీ చూసి ఒకేలా నవ్వుతుంది. ఎవరి మనిషని అడిగితే ప్రాణం పణంగా పెట్టి చెప్పగలిగేంత ధైర్యం మహిధర్‌కు కూడా లేదు. కానీ ఆమె చనిపోవడం మాత్రం అతనికి ఎంతమాత్రం ఇష్టం లేదు.

రచన సంగతంతా గబగబా చెప్పింది. పోయిన వారం విక్టర్ పాలిషింగ్ యూనిట్ షెడ్డులో, లారీ క్లీనర్ వేషంలో ఉన్న మహిధర్‌కు భవ్యశ్రీ ఒక మెమరీ చిప్ అందించింది. దానికి ఒక్కరోజు ముందే ఆ షెడ్డులో రహస్య కెమెరా పెట్టారు. అది భవ్యశ్రీకీ తెలియదు. రికార్డింగంతా షెడ్డులోని తాళం వేసిన గదిలో ఒక పెట్టెలో ఉంది. దాన్ని తెరిచి చూసే పాస్‌వర్డ్ విక్టర్ పైవాళ్ళ దగ్గర, సముద్రాల అవతల ఉంది. ఇవాళ మొత్తం పంపమని వాళ్ళడిగిన మెసేజీ సెక్షన్‌కు చిక్కింది. ఆరింటికి మిషన్లు ఆగి కరెంటు నిలకడ పడగానే ఆ పెట్టె దానంతటదే పంపడం మొదలుపెడుతుంది.

కరెంటు తీసేస్తే? జనరేటర్ ఉంది. ఇంటర్నెట్ కేబుల్ తెంపితే? ఆఫీసు మిద్దె మీద డిష్ ఉంది, నేరుగా శాటిలైట్‌కే పోతుంది. రైడ్ చేస్తే? టీం హైదరాబాద్‌లో బయల్దేరింది గానీ ఆరులోపు రావడం అనుమానం. స్థానికంగా ఎవరి చెవినా వేయొద్దని పైనుంచి ఆర్డర్.

"షెడ్డు నుంచి ఆఫీసుకు వైరు లేదు. ఎన్నిసార్లు లాగినా బండల లారీలు తెంపుతున్నయట. నడుమ వైఫై ఒక్కటే. మనకున్న తోవ గదే సార్," అంది రచన.

మహిధర్ తన సంచిలో ఉన్న పరికరాన్ని తడిమి చూసుకున్నాడు. ఇటుకంత ఉంటుంది. కాగితాల మీద దాని పేరు మార్జాలం, సెక్షన్‌లో అందరూ పిల్లి అంటారు. దగ్గర్లోని వైఫైని పసిగట్టగానే వణుకుతుంది. బటన్ నొక్కితే రూటర్ గొంతుతోనే పలికి, దానికి తగులుకున్న మిషన్లను బయటికి గెంటేస్తుంది. విక్టర్ రూటర్‌ను అలా బెదిరించవచ్చని దాని వివరాలూ రచన సంపాదించింది.

"మరింకేం? పిల్లి ఉంది కద."

రచన సీతాఫలం ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. ఈ సంగతి చెప్పడానికే ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది.

"వైఫైల తరాలుంటయ్ సార్. పాత తరానిది రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్. నిదానం, గానీ గోడలు దాటుకొని పోతది. కొత్తది అయిదు గిగాహెర్ట్జ్. మస్తు స్పీడు, గోడ అడ్డమొస్తే మాత్రం నీరసపడ్తది. కొత్త రూటర్లు రెండూ మాట్లాడ్తయ్, పాత మిషన్ల కోసం. విక్టర్ పాతదాన్ని బంద్ పెట్టిండు. అయిదే నడుస్తుంది. మన పిల్లికి పాతదొక్కటే వినపడ్తది."

"అంటే అయిదుకు చెవుడు."

"చెవుడు గాదు సార్, చెవే లేదు."

"అయిదు వినపడే పెట్టె ఎప్పుడొస్తది?"

"టెండర్ల ఉంది," అంది రచన నేల చూపులు చూస్తూ.

తాండూరు పోయే ప్యాసింజర్ రైలు కూత వేసింది. మహిధర్ లేచి, పనికిరాని పిల్లిని భుజాన వేసుకుని రైలెక్కాడు.

*

తాండూరులో దిగేసరికి అతను బొంరాస్‌పేట సుధాకర్ రెడ్డి. తెల్ల ఖద్దరు చొక్కా, నల్లరంగేసిన మీసం, చేతిలో విత్తనాల కంపెనీ గుడ్డసంచి. ఫంక్షన్ హాల్ కడుతున్నాడు, దానికి బండలు కావాలి.

షేర్ ఆటోలోంచి దిగి యూనిట్ ఎదుట టీ కొట్టులో కూర్చున్నాడు. గేటు లోపల రంపాల రొద చెవులు పగలగొడుతోంది. బూడిదరంగు నీళ్ళు కాలువలో పారుతున్నాయి. ఒక పక్క అద్దాల ఆఫీసు. దానికెదురుగా, లారీలు తిరిగే ఆవరణకు అవతల షెడ్డు. షెడ్డు వాకిలి బార్లా తెరిచి ఉంది. లోపల ఆ వాకిలికి సూటిగా చిన్న గది, దానికి తాళం. ఆఫీసులోని రూటర్ ఆ గదిని కళ్ళారా చూస్తున్నట్టే లెక్క.

మహిధర్ సంచిలో చెయ్యి పెట్టి పిల్లిని ఆన్ చేశాడు. అది వణకలేదు. చుట్టుపక్కల ఎవరిదో మొబైల్ షాపు వైఫైకి ఒకసారి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంది. ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో, ఒక మనిషి చావు గాలిలో ప్రయాణించడానికి సిద్ధంగా ఉంది. దాన్ని వినే చెవి ప్రభుత్వం దగ్గర లేదు. ఇంత చదువు, ఇంత ట్రైనింగ్, చివరికి టీ గ్లాసు పట్టుకుని కూర్చోవడమేనా అని మహిధర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

రైడ్ టీంకు ఫోన్ చేశాడు. దారిలో రైల్వే గేటు పడింది, సిమెంటు గూడ్సు పోతోందన్నారు. ఎంతసేపని అడిగితే, గూడ్సు వాళ్ళను అడగమన్నారు.

అప్పుడు గేటు లోపల ఒక మామూలు పని జరిగింది. ఎవరో కొనుగోలుదారు వచ్చినట్టున్నాడు. హమాలీల మేస్త్రి ఈరయ్య ఒక బండను నిలబెట్టి పైపుతో నీళ్ళు కొట్టాడు. ఎండిన బండ మసిబారిన బూడిదరంగులో ఉంటుంది. నీళ్ళు పడగానే నీలం తేలింది. తాండూరులో బండ కొనేవాడెవడూ తడపకుండా రంగు ఒప్పుకోడు.

మహిధర్ టీ గ్లాసు కింద పెట్టి రచనకు ఫోన్ చేశాడు. అడిగింది ఒక్కటే. రూటర్‌కు, గదికి నడుమ బండలు నిలబెట్టి తడిపితే ఏమవుతుంది?

నీళ్ళంటే అయిదు గిగాహెర్ట్జ్‌కు అసలే పడదనీ, రాతి వరుస వెనక తడి ఉంటే చాలామట్టుకు చచ్చిపోతుందనీ రచన చెప్పింది. పూచీ మాత్రం పడలేనంది. అతనికి కావలసింది పూచీ కాదు, చెయ్యడానికి ఏదో ఒక పని.

*

అద్దాల ఆఫీసులో విక్టర్ లేచి చేయి కలిపాడు. పొడుగ్గా, పాలిపోయిన ముఖం, మర్యాద ఎక్కువ. అతని డ్రాయర్‌లో పిస్తోలు ఉంటుందని మహిధర్‌కు తెలుసు. పక్క కుర్చీలో భవ్యశ్రీ నీలం చీరలో కూర్చుని, కళ్ళద్దాలు తల మీదికి నెట్టి, ల్యాప్‌టాప్ వైపు చూస్తోంది. గోడ మీద రూటర్ పచ్చలైటుతో ఆనందంగా మెరుస్తోంది.

ఇంగ్లీషు రానట్టు మహిధర్ ఆమెతోనే మాట్లాడాడు. హాలు కొలతలు, బండల సైజు, పాలిష్ రకం. చివరికి కోడ్ మాట అన్నాడు.

"నీలం మాత్రం జర తక్కువుండాలె మేడం. మా మరదలికి నీలం పడదు."

దాని అర్థం సెక్షన్‌లో ఒక్కటే. నువ్వు బయటపడ్డావు, ప్రాణం కాపాడుకో. భవ్యశ్రీ చేయి కళ్ళద్దాల మీదికి వెళ్ళి అక్కడే ఒక్క క్షణం ఆగింది. తర్వాత వాటిని మామూలుగా సర్దుకుని నవ్వింది. ఆ నవ్వు ఎవరి కోసమో మహిధర్‌కు ఎప్పటిలాగే తెలియలేదు.

"నీళ్ళు కొట్టి చూస్కోండ్రి రెడ్డి సాబ్. తడిస్తెనే కద రంగు తెలిసేది."

"గదే నేనూ అంటున్న. వరుసగ నిలబెట్టిస్తే హాల్ల ఎట్ల కొడ్తదో తెలుస్తది."

భవ్యశ్రీ విక్టర్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పెద్ద బేరమనీ, పోగొట్టుకోవద్దనీ. తర్వాత కిటికీలోంచి ఈరయ్యను పిలిచింది. ఎక్కడ పెట్టమంటరని అతనడిగితే క్షణం కూడా తడుముకోకుండా చెప్పింది.

"షెడ్డు వాకిట్ల పెట్టు. గాడైతెనే సాయంత్రపు ఎండ పడ్తది."

మహిధర్ ఊపిరి పీల్చుకున్నాడు. హమాలీలు బండలు మోసుకొచ్చి వాకిలికి అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి, పొరలు పొరలుగా నిలబెట్టారు. ఈరయ్య పైపు పట్టాడు. మహిధర్ బయటికి వెళ్ళి మీసం దువ్వుకుంటూ, ఇంకా, ఇంకా అన్నాడు.

"ఇంక తడిపితే బండ ఈత కొడ్తది పటేలా," అన్నాడు ఈరయ్య, పైపు మాత్రం ఆపకుండా.

ఆరు గంటల సైరన్ మోగింది. రంపాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మహిధర్ ఆఫీసులోకి తిరిగి వచ్చి కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ తెర మీద, పెట్టె ఎంత పంపిందో చూపే సన్నటి పచ్చగీత మొదలైంది. కొంచెం ముందుకు జరిగింది. ఇంకొంచెం జరిగింది. తర్వాత నడవడం మరిచిపోయినట్టు ఆగిపోయింది.

విక్టర్ కళ్ళు చిన్నవయ్యాయి. మళ్ళీ ప్రయత్నించాడు, గీత కదల్లేదు. ల్యాప్‌టాప్ మూసి గది తాళంచెవి పట్టుకుని షెడ్డుకు నడిచాడు. వాకిలి నిండా తడి బండలు. తీయమని చేతులతో సైగ చేశాడు. ఈరయ్య అప్పటికే చేతులు కడుక్కుని తువ్వాలు దులుపుకుంటున్నాడు.

"తడి బండ ముట్టం సాబ్. జారితే వేళ్ళు పోతయ్. ఆరినంక తీస్తం. పొద్దుగూకింది గన్క రేపే."

ఆ మాటను భవ్యశ్రీ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చింది. పాలిషింగ్ యూనిట్లలో అది రాయని చట్టం. విక్టర్ దాని ముందు ఏమీ చేయలేకపోయాడు. ఆఫీసుకు తిరిగొచ్చి రూటర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇక టీం వచ్చేదాకా ఈ గోడ నిలిస్తే చాలని మహిధర్ అనుకున్నాడు.

అప్పుడు భవ్యశ్రీ నోరు విప్పింది. ఇంగ్లీషులో, చాలా మామూలుగా. రాళ్ళు అడ్డొస్తున్నాయేమో, పాత రెండు పాయింట్ నాలుగును ఆన్ చేస్తే గోడలు దాటి వస్తుంది కదా అంది.

మహిధర్ చెప్పిన కోడ్ ఆమెకు అర్థం కాలేదా? అర్థమయ్యే ఇలా చేస్తోందా? ఇన్నాళ్ళూ ఆమె విక్టర్ మనిషేనా, లేక తన చావును తానే పిలుచుకుంటోందా? ఏదైనా అతను చేయగలిగిందేమీ లేదు. ఖద్దరు చొక్కా తొడుక్కున్న మనిషికి ఇంగ్లీషు రాదు, రూటర్ సంగతి తెలియదు, అరవడానికి కారణం లేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

విక్టర్ మెచ్చుకోలుగా ఆమె వైపు చూసి ల్యాప్‌టాప్ తెరిచాడు. రూటర్ సెట్టింగుల్లో ఏదో నొక్కాడు. రూటర్‌కు రెండో లైటు వెలిగింది. పచ్చగీత నిదానంగా, కానీ ఆగకుండా, మళ్ళీ పాకడం మొదలుపెట్టింది.

మహిధర్ ఒళ్ళో సంచి వణికింది.

అది ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. తర్వాత అర్థమై, నవ్వు రాబోతే దగ్గుగా మార్చాడు. సంచిలో చెయ్యి పెట్టి బటన్ నొక్కాడు. పచ్చగీత ఆగిపోయింది. షెడ్డులోని పెట్టె వైఫై నుంచి తెగిపోయిందని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. విక్టర్ మళ్ళీ కలిపాడు, మహిధర్ మళ్ళీ నొక్కాడు. బండల ధర గురించి, మరదలి గురించి, బొంరాస్‌పేట రోడ్ల గురించి మాట్లాడుతూనే నొక్కుతున్నాడు. భవ్యశ్రీ ఒక్కసారి కూడా అతని చేతి వైపు చూడలేదు.

కానీ పిల్లి ముసలిది. దాని బ్యాటరీ ఎర్రగా మెరవడం మొదలైంది. నొక్కిన ప్రతిసారీ వణుకు బలహీనపడుతోంది. విక్టర్ ప్రయత్నించిన ప్రతిసారీ గీత కాస్త ముందుకు జరిగి ఆగుతోంది. ఫైలు మొత్తం చేరితే తప్ప అటువైపు తెరుచుకోదు, కానీ చివరి పిసరే మిగిలింది. మహిధర్ ఇంకోసారి నొక్కాడు. పిల్లి కదల్లేదు. దాని ప్రాణం అయిపోయింది.

పచ్చగీత చివరి వైపు పాకుతోంది. ప్లగ్గు లాగుదామంటే డ్రాయర్‌కు, విక్టర్ చేతికి మధ్య జానెడు దూరం. వెలుపల గేటు దగ్గర అతని మనుషులు. తాను లాగితే ఇద్దరూ పోతారు, లాగకపోతే ఒక్కరే పోతారు. ఆ లెక్క వేస్తున్నందుకు మహిధర్‌కు ఏడుపొచ్చింది.

గేటు దగ్గర జీపు బ్రేకుల శబ్దం. అరుపులు. విక్టర్ డ్రాయర్ లాగి లోపల తడిమాడు. అది ఖాళీగా ఉంది.

"దాని కోసమా?" అంది భవ్యశ్రీ. పిస్తోలు ఆమె చీర కొంగు కింద నుంచి బయటికొచ్చి అతని ఛాతీకి గురిపెట్టి ఉంది.

మహిధర్ ఒక్క ఉదుటున లేచి రూటర్‌ను గోడ నుంచి ఊడబెరికాడు. తెర మీద గీత వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆ మీదట అది కదల్లేదు. టీం వాళ్ళు లోపలికొచ్చేటప్పటికి బొంరాస్‌పేట రెడ్డి సాబ్ చేతిలో రూటర్ పట్టుకుని, వైర్లు వేలాడుతుంటే, నిలబడి ఉన్నాడు.

*

విక్టర్‌ను జీపులో ఎక్కించాక ఇద్దరూ టీ కొట్టుకు వెళ్ళారు. మహిధర్ రెండు టీలు చెప్పాడు. తర్వాత అడిగాడు, పాతదాన్ని ఆన్ చేయమని ఎందుకు చెప్పావని.

భవ్యశ్రీ టీ ఊదుకుంటూ అతని వైపు చూసింది. ఆ కళ్ళలో మొదటిసారి భయం కనిపించింది, అంతసేపూ దాచుకున్నది.

"మన పిల్లికి గదొక్కటే వినపడ్తది కద సార్. మీరు బండలు వరుసగ నిలబెట్టమనంగనే సమజైంది, షెడ్డు వైఫైకే అడ్డమని. ఊకె బండలు తడిపితే ఎంతసేపు ఆపుతరు? వాడే ఆన్ చేసుకుంటుండె. చేసుకునేదేదో మీరు కూసున్నప్పుడే చేసుకోవాలె అనుకున్న." ఒక గుక్క తాగి మళ్ళీ అంది. "మీరు నన్ను అనుమానపడ్డరు గద?"

"పడ్డ," అన్నాడు మహిధర్. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"మంచిది. మీరే పడ్డరంటే వాడు నమ్మిండన్నట్టే." టీ గ్లాసు పక్కన పెట్టి ఆమె నల్లకళ్ళద్దాలు కళ్ళ మీదికి లాక్కుంది. మహిధర్ దాన్ని చూడనట్టు రోడ్డు వైపు తిరిగాడు.

టెండరు కదిలింది. కొన్నాళ్ళకు రచన వికారాబాద్ ప్లాట్‌ఫాం మీదే కొత్త పెట్టె అందించింది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది, నల్లగా నిగనిగలాడుతోంది. అయిదు గిగాహెర్ట్జ్ వినపడుతుందా అని అడిగాడు. ఆరు గూడా వినపడ్తదంది రచన గర్వంగా.

"మరి పాతది?"

రచన సీతాఫలాల సంచిలోకి చూసింది. "పాతది దీన్ల తీసేసిన్రు సార్. ఇగ గదెవ్వరు వాడ్తరని."

పాత పెట్టెను వెంటనే స్టోరుకు అప్పగించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తాండూరులో బండలు తడుపుతుంటే నీళ్ళలో పడి కొట్టుకుపోయిందని మహిధర్ విచారంగా జవాబిచ్చాడు. అప్పుడది అతని ఇంట్లో, మంచం పక్కన, చార్జింగ్ పెట్టి ఉంది.